శుక్రవారం పెరుగు

18 జులై 2023, మంగళవారం

ఇయ్యాల్టి నుంచి అధిక శ్రావణం. దాని ఎనుక నిజ శ్రావణం. రెండు కలిస్తే సెప్టెంబర్ 15 దాక. పొద్దుగాల సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి మా ఆమె గట్టిగ చెప్పింది: "బిడ్డ నీళ్ళాడేదాక ఇంట్ల ఎవ్వరం నీసు ముట్టమని యేములాడ రాజన్నకు మొక్కిన. నువ్వు గూడ ముట్టకు." ఆమె మొక్కింది, నేను నోరు కట్టుకోవాలె. మాట్లాడుతుంటే ఎనుక నుంచి బీడీ ఆకు కత్తిరించే సప్పుడు వినవడ్తున్నది. కాదనబుద్ధి కాలె.

బిస్సీల చెప్పిన. రేపు మనవడో మనవరాలో ఈ బుక్కు చదివితే తెల్వాలె గద, రాస్త: బిస్సీ అంటే సాంచల (మరమగ్గాల) మీద పనిచేసేటోళ్ళు నెలకింత అని కట్టి రెండు పూటలు తినే జాగ. భివండిల గల్లీకొకటి ఉంటది. మా పద్మానగర్ల మనోళ్ళయే ఉన్నయి. బిస్సీ ఆయన అన్నడు, "కాకా, కూర తినకున్న పైసలైతే అవ్వే." నీసు తియ్యంగ మిగిలేది పసుపు నీళ్ళ అసుంటి పప్పు, ఆలుగడ్డ. రెండు నెలలు ఆలుగడ్డేనా?

21 జులై, శుక్రవారం

నాలుగు రోజుల నుంచి తెరిపి లేదు. తీన్ బత్తి మార్కెట్ల నీళ్ళు నిలిచినయి. రాయగడ్ జిల్లాల ఇర్శాల్‌వాడి మీద గుట్ట కూలిందని టీవీల చూపెడ్తున్నరు. నిద్రలనే పోయిండ్రు పాపం. చూసినంక మెతుకు దిగలే.

శుక్రవారం సాంచలకు సెలవు. బిస్సీ బందు చేసి నేనే వండుకుందామని బజారుకు పోయిన. టమాట కిలో 120 అన్నది కూరగాయలమ్మే మావశి. పావుకిలో అడుగుదామన్నా సిగ్గనిపించింది. కందిపప్పు 150 దాటింది. మటకీ (పెసల అసుంటి చిన్న గింజలు), ఎర్రపప్పు, శనిగపిండి, చింతపండు, ఉల్లిగడ్డ, ఇంత కొత్తిమీర తెచ్చుకున్న. నీసు తినేటోనికి కూరగాయలు అగ్గువ అనిపిస్తది. నీసు ఇడిసినంకనే వాటి ధర తెలుస్తది.

22 జులై

కూలి ఎక్కడ పోతదో లెక్క రాస్తున్న. మా అర్ర పది అడుగుల చదరం. కింద సాంచలు, పైన మేము ఆరుగురం. ముగ్గురు పగటి పాళీ, ముగ్గురు రాత్రి పాళీ. ఒకల చాప మీద ఇంకొకలు పంటరు. కాయిల్ స్టవ్ పెడితే మీటర్ తిరుగుతదని ఇంటాయన ఒప్పుకోడు. మిగిలింది మూలకున్న చిన్న సిలిండర్, దాని నెత్తి మీద పొయ్యి. దాంట్ల గ్యాసు కిలో లెక్కన నింపుతరు, కిలో 110. ఇండ్లల్ల వాడే 14.2 కిలోల బుడ్డి బొంబాయిల 1,102 రూపాయల యాభై పైసలు. భాగించి చూసిన, కిలో 78 కూడ పడ్తలేదు. కనెక్షన్ ఉన్నోనికి 78, లేనోనికి 110. ఆధార్ల సిరిసిల్ల అడ్రస్, ఇక్కడ కిరాయి కాయితం లేదు, కనెక్షన్ ఎక్కడిది?

ఉప్పు పప్పుల మీద బేరం చేసినం గని అగ్గి మీద ఎన్నడు లెక్క కట్టలే. పిరమైంది అగ్గే.

24 జులై

అన్నానికి బెంగ లేదు. రేషన్ కార్డు ఊర్లదైనా దేశంల ఎక్కడనన్న బియ్యం ఇస్తరిప్పుడు, మనిషికి ఐదు కిలోలు, ఈ ఏడు జనవరి నుంచి పైస లేకుండ. మా కార్డు మీద ఊర్లనే మా ఆమె తీసుకుంటది, నేను ఇక్కడ కొనుక్కుంట, అది వేరే సంగతి.

బావమరిది కొడుకు అమెరికా నుంచి వీడియో పంపిండు. మొన్న 20 నాడు మన సర్కారు బాస్మతి కాని తెల్లబియ్యం బయటి దేశాలకు పంపుడు బందు పెట్టింది. అక్కడి మనోళ్ళు సోనామసూరి సంచుల కోసం దుకాణాల్ల ఎగబడుతున్నరు. మంచి మంచి కార్లేసుకొని వచ్చిండ్రు. వాడు గూడ రెండు సంచులు ఎత్తుకొచ్చిండట. నవ్వొచ్చింది. మళ్ళ అనిపించింది, నోటికి అలవాటైన మెతుకు దొరకదంటే ఎవనికైనా భయమే గద.

28 జులై, శుక్రవారం

నిన్న భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మొత్తం వాగుల మునిగిందట. ఇంటికి ఫోన్ చేసిన. మానేరు నిండుగ పోతున్నది, మనకేం కాలేదన్నది మా ఆమె.

ఇయ్యాల పచ్చిపులుసు చేసిన. మా అవ్వ చేతి వంట. ఇంటి మీద ఉన్నప్పుడు అది ఏమీ లేనినాటి కూర అనుకునేది. ఇక్కడ దాని తెలివి తెలిసింది. చింతపండు నానేసి పిసికి, సన్నగ కోసిన ఉల్లిగడ్డ, ఉప్పు, జీలకర్ర, ఇంత బెల్లం, కాల్చిన మిరపకాయ నలిపి, నువ్వుల పొడి చల్లితే అయిపాయె. పోపు పెట్టకున్నా నడుస్తది. మిరపకాయ కాల్చేటంత అగ్గి చాలు.

మటకీలు ఒక పగలు నానేసి తడిబట్టల కట్టి గోడకు తగిలేసిన. ఈ భివండి ముసురుకు రాత్రికి రాత్రే తోకలొచ్చినయి. పచ్చియే, నిమ్మకాయ పిండుకొని తిన్న. పక్క చాప పిల్లగాడు చూసి, "కాకా, గుర్రం దాణానా?" అన్నడు. సాయంత్రానికి వాడే రెండు గుప్పిళ్ళు బుక్కిండు.

2 ఆగస్టు

ఎర్రపప్పు సంగతి రాయాలె. పాళీకి పోయేముందు నానిన పప్పు కుక్కర్ల ఒక్క కూత రానిచ్చి దించుత. సాంచల కాడ తెగిన బట్ట ముక్కలు, చిందీలు, ఉంటయి గద. సేటును అడిగి ఒక గోనెసంచి నిండ తెచ్చిన. కుక్కర్‌ను ఆ సంచి నడుమ కూసోబెట్టి మూతి కట్టేస్త. కోడి గుడ్ల మీద కూసున్నట్టు. పన్నెండు గంటలు సాంచల మీద నిలబడి వచ్చి ఇప్పితే పప్పు మెత్తగ ఉడికి, ఇంక గోరువెచ్చగ ఉంటది. పన్నెండు గంటల వంటకు నాలుగు నిమిషాల గ్యాసు.

మావశి పిఠ్లా నేర్పింది. శనిగపిండి నీళ్ళల్ల ఉండలు లేకుండ కలిపి, ఎల్లిపాయ, పచ్చిమిరపకాయ తాలింపుల పోసి తిప్పితే ఐదు నిమిషాలు. మొక్కుకు ఎల్లిపాయ పనికొస్తదా అని ఇంటికి ఫోన్ చేసి అడిగిన. "రాజన్నకు నువ్వు నీసు తినకుంటే చాలు, ఎల్లిపాయ లెక్కలు అడగడు" అన్నది.

7 ఆగస్టు

చేనేత దినమని పొద్దున్నుంచి మనోళ్ళ గ్రూపులల్ల పూలు, దండాలు. 1905ల స్వదేశీ ఉద్యమం మొదలైన రోజట, 2015 నుంచి దేశమంత చేస్తున్నరు. మా తాతది గుంతమగ్గం. నేను ఆరు సాంచలు చూస్త, చెవులు సగం పోయినయి. దండం ఎవరికి పెట్టాల్నో తెల్వక ఫోన్ మూసి పెట్టిన.

11 ఆగస్టు, శుక్రవారం

బిస్సీ బందు చేసినా శుక్రవారం అక్కడికి పోయి ఒక పెద్దాయనతోని కూసుంట. ఆయన బొంబాయి మిల్లుల పనిచేసిండు. 1982 జనవరిల దత్తా సామంత్ సమ్మె మొదలైనంక మిల్లు మళ్ళ తెరుస్తరని చూసి చూసి ఇటు భివండికొచ్చిండు. ఆయన లెక్కన తిండి అంటే ఖానావళి. గిర్ణీ కామ్‌గార్లకు (మిల్లు కార్మికులకు) ఆడోళ్ళు ఇంట్లనే వండి పెట్టేది, జీతం రోజు పైసలు తీసుకునేది. ఆ ఆడోళ్ళకు అప్పులు పుట్టక వడ్డీలకే పోతుంటే ప్రేమా పురవ్ 1975ల అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి బ్యాంకు అప్పు ఇప్పిచ్చింది. "సమ్మెల మేము పైసలియ్యలే. అయినా నెల రోజులు పళ్ళెం పెట్టింది మా ఖానావళి తాయి. ఆమె అప్పు తీర్చిన్నో లేదో యాదికి లేదు" అన్నడు పెద్దాయన. మళ్ళ మాట్లాడలే. నేను గూడ అడగలే.

2020ల మహారాష్ట్ర సర్కారు శివ్ భోజన్ తాళి పెట్టింది. పది రూపాయలకు రెండు రొట్టెలు, కూర, పప్పు, అన్నం. లాక్‌డౌన్ల ఐదు రూపాయలే. మంచి ముచ్చటే. గని పాళీ విడిచి, దూరం నడిచి, లైన్ల నిలబడే తీరిక సాంచల కార్మికునికి ఎక్కడిది?

18 ఆగస్టు, శుక్రవారం

నిజ శ్రావణం నిన్న మొదలైంది. సగం దాటినం.

పెరుగు సంగతి. మూడు వారాల నుంచి పావులీటరు పాలు కాచి తోడేస్తున్న. ఎన్నిసార్లు చేసినా నీళ్ళు నీళ్ళు, గడ్డలు గడ్డలు. పాలు మంచియి కావని దుకాణమాయనతోని కొట్లాడిన గూడ. ఇయ్యాల నిద్ర లేచి మూత తీస్తే గిన్నె బోర్లేసినా జారకుండ పేరుకున్నది. అప్పుడు సమజయింది. నిన్న రాత్రి నుంచి కింద సాంచలు బందున్నయి. మిగిలిన రోజులల్ల నేల మొత్తం వణుకుతుంటది. మాకు అలవాటై తెల్వది, పాలకు తెలుస్తది.

దుకాణమాయనకు పోయి చెప్పిన, తప్పు నాదేనని. ఆయన నవ్వి ఒక మిరపకాయ కొసరేసిండు.

22 ఆగస్టు

టమాట దిగింది. ఇప్పుడు ఉల్లిగడ్డ లొల్లి. బయటికి పంపితే 40 శాతం సుంకమని సర్కారు అన్నది, నిన్నటి నుంచి లాసల్‌గావ్‌ల వేలం బందు పెట్టిండ్రు వ్యాపారులు. ఇంత దగ్గరి నాసిక్‌ల పండే పంట. ఉల్లిగడ్డ లేని పచ్చిపులుసు చేసి చూసిన. ఒద్దు, దాని గురించి రాయను.

23 ఆగస్టు

చందమామ మీద మన దేశపు నౌక దిగింది. సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలకు. సేటు ఫోన్ పట్టుకొని వచ్చి ఒక్క నిమిషం చూపెట్టిండు. సాంచలు మాత్రం ఆపలే.

30 ఆగస్టు, బుధవారం

గ్యాసు బుడ్డి మీద 200 తగ్గిచ్చిండ్రు ఇయ్యాల్టి నుంచి. కిలోల నింపేటాయన దగ్గరికి ఆశతోని పోయిన. "అది బుక్కు ఉన్నోళ్ళకు" అన్నడు. నాకు 110 అంటే 110.

రాఖీ పున్నమ. మనోళ్ళు జంధ్యాలు మార్చుకునే రోజు. షోలాపూర్ల మార్కండేయుని రథం తీసే రోజు. నేను నిన్న రాత్రి పాళీల ఉన్న. చెల్లె కట్టాల్సిన రాఖీ పోస్టుల రాలే. పన్నెండింటికి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ అట. గంట, రెండు గంటలు. మీటర్ల లెక్కన కూలి. బట్ట దిగకుంటే పైసలు లేవు. అందరం చీకట్ల మెట్ల మీద కూసున్నం. ఒకడు బతుకమ్మ చీరెల ముచ్చట తీసిండు. 2017 నుంచి సిరిసిల్లకు ఆ ఆర్డర్లు వస్తున్నయి, నువ్వెందుకు పోలేదని అడిగిండు. ఏం చెప్పాలె, బాకీ ఇక్కడ, ఇల్లు అక్కడ.

పొద్దు పొడిచేదాక రాలేదు కరెంటు. ఆ రాత్రి మిగిలిన కూలి మొత్తం పోయింది. అర్రకు పోయి రాత్రి తోడేసిన గిన్నె మూత తీసిన. బుధవారం పూట, గట్టిగ పేరుకున్నది. ఆరుగురం తలా ఇంత వేసుకున్నం.