అమ్మ తలనొప్పి

మేము కలికిరి హాస్టల్లో చదువుకునే రోజుల నుంచే అమ్మకు తలనొప్పి. ఎండలో టమోటా గంపలు మోసే తలకాయ నొప్పి పుట్టక ఏం చేస్తుందిలే అనుకున్నాం. మేము పీజీలో చేరిన ఏడాది ఆమె కుడికన్ను మసకబారింది. ఒకచోట కళ్లద్దాలు రాశారు, ఇంకోచోట మాత్రలిచ్చారు. స్కానింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. అడగాలని మాకూ తోచలేదు, చదువుకున్నవాళ్లమై ఉండి!

చివరికి పాకాలలో బండి మారి వేలూరు చేరాం. 1949లో డాక్టర్ జాకబ్ చాందీ దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించిన ఊరది. నరంలోకి మందు ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే, కంటి నరాన్ని ఒత్తుతూ తెల్లగా ఒక గడ్డ కనిపించింది. మెనింజియోమా అట. మెదడులో కాదు, మెదడును కప్పిన పొరల్లో పుడుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. చాలావాటికి క్యాన్సర్ గుణం ఉండదు, ఏళ్లతరబడి నిదానంగా పెరుగుతాయి. అరుదైన మూడో గ్రేడుది మాత్రం తీసినా మళ్లీ వచ్చే భయం ఎక్కువ, రేడియేషన్ పెట్టాలి. ఏ గ్రేడో తీసిన ముక్కను పరీక్షిస్తేనే తేలుతుంది.

నాయన వేలిముద్ర వేయబోయాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు గదా, ఆ కాగితం మేము చదివాం. చూపు పోవచ్చని, ప్రాణానికీ ముప్పుండొచ్చని ఉంది. అమ్మకు సగమే చదివి వినిపించి సంతకం చేశాం.

పుర్రె ఎముక తెరిచి గడ్డ తీశారు. కంటి నరానికి అంటుకున్న పిసరు వదిలేశారు; లాగితే ఉన్న చూపూ పోతుందట. కొన్నాళ్లకు మొదటి గ్రేడని రిపోర్టు వచ్చింది. ఆ పిసరు పెరుగుతుందేమోనని ఏటా స్కానింగ్. పోయిన చూపు పూర్తిగా రాలేదు.

సెలవులకు ఇంటికెళ్తే అమ్మను ఒక్కో కన్నూ మూసి క్యాలెండర్ చూడమనండి, తమ్ముళ్లూ. మా అమ్మ ఇప్పుడు ఎడమకంటితోనే టమోటాలు ఏరుతుంది. చదవని సగం కాగితంలో ఏముందో ఇంకా అడగలేదు.