యూమా పొలాల్లో కార్తీకం

గీలా బెండ్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా నల్లరాతి గుట్టలు, క్రియోసోట్ పొదలు, అక్కడక్కడా నిలువెత్తు సగువారో జెముళ్ళు తప్ప మరేమీ కనిపించవు. ఫీనిక్స్ నుంచి యూమాకి మూడు గంటల దారి. కారు బావగారు నడుపుతున్నారు. వెనక సీట్లో అక్క. మన ఇళ్ళల్లో కార్తీక దీపాలు పెట్టుకునే రోజులవి. అరిజోనా ఎడారిలో కూరలు విత్తుకునేదీ ఇప్పుడేనని అక్క ఫోనులో చెప్పినప్పటి నుంచీ ఆ పొలాలు చూడాలని నా కోరిక. గోదావరి కాలువల కింద పుట్టి పెరిగినవాణ్ణి. వాన లేనిచోట ఆకుకూరలు పండుతాయంటే కళ్ళారా చూడాలనిపించింది.

యూమాలో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 80 మిల్లీమీటర్లు. కరువుకి పేరుపడ్డ మన అనంతపురంలో కూడా 500 దాటుతుంది. అయినా నవంబరు నుంచి మార్చి దాకా అమెరికా తినే ఆకుకూరల్లో దాదాపు 90 శాతం యూమా చుట్టుపక్కల ఎడారి నేలల నుంచే వెళుతుంది. వేసవిలో ఇదే పంట పండించే కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయ చలికి వెనకబడగానే యంత్రాలు, మేస్త్రీలు, ప్యాకింగు సామాను అంతా లారీలెక్కి ఇక్కడికి దిగుతుంది. వసంతంలో మళ్ళీ వెనక్కి.

వెల్టన్ దగ్గర మొదటి పచ్చని మడులు కనిపించాయి. టెలిగ్రాఫ్ పాస్ కనుమ దిగి యూమా లోయలోకి వెళ్ళాక చూపు ఆనినంత మేరా లెట్యూస్, బ్రోకలీ, కాలీఫ్లవర్, పాలకూర. ఒక మడిలో కోత సాగుతోంది. పక్క మడిలో మొక్కలు జానెడెత్తు ఉన్నాయి. ఆ పక్కది అప్పుడే విత్తిన నేల. దుకాణాలకి రోజూ సరుకు అందాలి కనుక సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా విడతలు విడతలుగా విత్తుతూనే ఉంటారు. సెప్టెంబరులో వేసింది రెండున్నర నెలల్లో చేతికొస్తే, నవంబరు చివర్లో వేసింది చలికి నెమ్మదించి నాలుగు నెలలు తీసుకుంటుంది.

బావగారి స్నేహితుడి ద్వారా పరిచయమైన ఒక ఆసామి గట్టు మీద మా కోసం ఎదురుచూస్తున్నాడు. తలకి వల టోపీలు ఇచ్చి, మడిలో కాలు పెట్టొద్దన్నాడు. 2018 వసంతంలో ఈ ప్రాంతపు రొమేన్ లెట్యూస్ తిని 210 మంది జబ్బుపడ్డారు, అయిదుగురు చనిపోయారు. అదే ఇ-కొలై క్రిమి ఇక్కడి ఒక కాలువ నీటిలోనూ దొరికింది. అప్పటి నుంచి నీటి పరీక్షలు, పొలంలోకి రాకపోకల కట్టుబాట్లు బాగా బిగిశాయి.

అసలు విద్య అంతా విత్తడంలో ఉంది. మొదటి విడత వేసేటప్పటికి పగటి ఎండ 40 డిగ్రీలకి దగ్గరగా ఉంటుంది. నేల వేడి 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ గింజ మొలకెత్తకుండా అలాగే పడి ఉంటుంది. అందుకని గింజని ముందే కొంత నానబెట్టి, మొలక మేలుకోగానే ఆరబెట్టి, మట్టిపూత పూస్తారు. ఆసామి అరచేతిలో పోసి చూపించాడు, అచ్చం సన్న సగ్గుబియ్యంలా ఉన్నాయి. లేజర్‌తో చదును చేసిన నేల మీద వెడల్పాటి బోదెలు తీసి, వాటి మీద యంత్రం ఒక్కొక్క గింజనీ అర సెంటీమీటరు లోతులో వేస్తుంది. వెంటనే స్ప్రింక్లర్లు పెడతారు. "ఆ నీళ్ళు తడి కోసమే అనుకోకండి. నేలని చల్లబరచడం కోసం కూడా. మొలక పైకి వచ్చేదాకా నాకు నిద్ర ఉండదు" అన్నాడాయన. మొలక నిలిచాక పైపులు ఎత్తేసి, బోదెల మధ్య కాలువల్లో తడులు ఇస్తారు. నీళ్ళు కావాలంటే కాలువ చూసే మనిషికి ముందుగానే చెప్పుకోవాలి. మా ఊరి లస్కరు గుర్తొచ్చాడు.

ఆ నీళ్ళు కొలరాడో నదివి. ఇంపీరియల్ డ్యామ్ దగ్గర మళ్ళించి కాలిఫోర్నియా గట్టున నడిపించిన నీటిని, నది అడుగున వేసిన కాంక్రీటు సొరంగం గుండా యూమా వైపు తెస్తారు. ఆ సొరంగం 1912లో పూర్తయింది. ఈనాటికీ పనిచేస్తోంది. పట్నం ఒడ్డున నిలబడి, పైన పారే నదినీ, దాని కింద నుంచి వచ్చి కాలువలో పైకి ఉబికే నీటినీ చాలాసేపు చూశాను.

ఎడారిలో నదిని ఆకుకూరలకి ఖర్చుపెట్టడం న్యాయమా అని అడిగేవాళ్ళున్నారు. నది చిక్కిపోతోంది. 2021 ఆగస్టులో మొట్టమొదటిసారి కొరత ప్రకటించి, మరుసటి ఏడాది మధ్య అరిజోనా రైతులకి కోత పెట్టారు. యూమా వాళ్ళవి పాత హక్కులు కాబట్టి వాళ్ళదాకా రాలేదు. నా మట్టుకు చలికాలపు కూర పక్షాన్నే ఉంటాను. చల్లని రోజుల్లో పెరిగే లెట్యూస్ తాగే నీరు, నడివేసవిలో పశువుల మేతకి పెంచే అల్ఫాల్ఫా తాగేదానికన్నా ఎంతో తక్కువ. ఆ నది నీళ్ళలో పెద్ద వాటా ఆ మేతకే పోతోంది. కోత పెట్టాల్సివస్తే ముందు అక్కడ పెట్టాలి.

కోసే చేతుల్లో చాలామటుకు మెక్సికో వాళ్ళవి. తెల్లవారకముందే శాన్ లూయిస్ దగ్గర సరిహద్దు దాటి, బస్సులెక్కి మడులకి చేరతారు. ఆకు మీద మంచు గడ్డకట్టి ఉంటే అది కరిగేదాకా కత్తి పట్టరు, అప్పుడు ముట్టుకుంటే ఆకు పైపొర ఊడివస్తుంది. కరిగాక ఇక నడుం ఎత్తే తీరిక ఉండదు. అంత వేగంగా, అంత ఒద్దికగా పనిచేసే వాళ్ళని నేను వరి కోతల్లో తప్ప మరెక్కడా చూడలేదు.

ఫీనిక్స్ పక్కన అక్కావాళ్ళుండే చాండ్లర్‌కి తిరిగొచ్చాక ఆమె పెరడు చూస్తే అదే పంచాంగం. మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, పాలకూర, బఠాణీ అన్నీ అక్టోబరులో చల్లినవే. నేలలో కాలీచీ అనే సున్నపు గట్టిపొర గునపానికి లొంగదు కనుక, పైన కంపోస్టు నింపిన ఎత్తు మడులు కట్టించుకుంది. ఆకు మీద మంచు గడ్డకట్టే కొద్ది రాత్రులూ పాత దుప్పట్లు కప్పుతుంది. ఏప్రిల్ ఎండకి కొత్తిమీర పూతకొచ్చేస్తే, వేడికి ఓర్చే గోంగూర, బెండ అప్పటికే వేసి ఉంటాయి.

ఫీనిక్స్ వైపు కొత్తగా కాపురానికి వచ్చే మనవాళ్ళకి ఒక్క మనవి. విత్తనాల పొట్లం మీద వసంతంలో వేయమని ఉంటే, అది మంచు పడే రాష్ట్రాల లెక్క. అరిజోనా విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం మారికోపా కౌంటీకి వేరుగా నాటే పట్టిక తయారుచేసింది. అది దగ్గర పెట్టుకుని, అక్టోబరులో మెంతులు చల్లండి.