స్టూవర్టుపురములో ఒక పూట

పత్రికలలో ఘోరమగు హత్యావార్త యొకటి వెలువడినప్పుడెల్ల మన వీధియరుగులమీదను, రైలుపెట్టెలలోను, శాసనసభలలోను ఒక్కటే కేక వినవచ్చుచుండును: శిక్షలు చాలవు, పోలీసుల చేతులు కట్టివేసినారు, దుర్మార్గుని కనబడినచోటనే కాల్చివేయవలెను. 2019 డిసెంబరు 6వ తేదీని చటాన్‌పల్లి వంతెనకడ ఒక హత్యకేసులోని నలుగురు నిందితులు పోలీసు తూటాలకు కూలినప్పుడు, ఆ పోలీసులపై పూలు చల్లి హర్షించిన జనములో సాత్త్వికులును విద్యావంతులును లేకపోలేదు. ఆ కాల్పులు ప్రాణము తీయు నుద్దేశముతోనే జరిగినవని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు సంఘము 2022లో తేల్చినప్పుడు మాత్రము ఆ మాటను చెవిని బెట్టినవారు కొద్దిమందియే. ఈ వాదము వినివిని, కాఠిన్యమును చట్టరూపమున పరాకాష్ఠవరకు ప్రయోగించి చూచిన గ్రామమొకటి మన కోస్తాలోనే యున్నది గదా, దానిని కన్నులార చూచి రావలెనని నాకు బుద్ధి పుట్టినది.

నాతో వచ్చిన మిత్రుడు పోలీసుశాఖలో ఇన్‌స్పెక్టరుగా చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందినవాడు. దండభయము లేనిదే లోకము నిలువదని మనసార నమ్మినవాడు. బాపట్లకును చీరాలకును నడుమ, మద్రాసు రైలుమార్గముపై, తన పేర స్టేషనొకటి గల స్టూవర్టుపురమును మేము చేరునప్పటికి ఎండ యింకను ముదురలేదు. ఇసుకనేల, దూరముగా సరుగుడు చెట్లు, రక్షణసైన్యమను క్రైస్తవసంఘమువారి ప్రార్థనామందిరము, బడి, డాబాయిండ్లు, అక్కడక్కడ రేకుల కప్పులు. ఈ తీరపుటూళ్లనుండి దీనిని వేరుపరచి చూపు చిహ్నమొక్కటియు నాకు గానరాలేదు. సినిమాలలో దొంగలయూరిగా చూచి వచ్చినవానికి ఇచ్చట ఆశాభంగము తప్పదు.

1871లో ఉత్తరహిందూస్థానమున పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రమునకు వ్యాపించిన నేరస్థజాతుల చట్టము, మనుష్యుడు చేసిన పనినిబట్టి గాక, పుట్టిన కులమునుబట్టియే వానిని నేరస్థునిగా నిర్ణయించెను. ఆ చట్టము క్రింద ఎరుకలవారి నిమిత్తము 1913లో ఆ రక్షణసైన్యమువారి యాజమాన్యమున ఈ సెటిల్‌మెంటు వెలసినది; గవర్నరు కార్యనిర్వాహకసభ సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు దొర పేరు దీనికి పెట్టిరి. కావలిలోను, సిద్ధాపురములోను ఇట్టివే వెలసినవి. చట్టములోని నిబంధనలను చదివినచో, నేటి కఠినశిక్షావాదులకు సైతము కోరదగినది పెద్దగా మిగులదు. వ్రేలిముద్రలు, హాజరుపట్టీ, ఊరు దాటుటకు అనుమతిచీటీ. నిర్ణీతనేరములలో రెండవమారు శిక్షపడినచో ఏడేండ్లకు తక్కువగాని ఖైదు, మూడవమారు యావజ్జీవ ద్వీపాంతరవాసము. దొంగిలింపబోవుచున్నాడని న్యాయాధిపతికి తోచినచో, ఏమియు దొంగిలింపకయే మూడేండ్లవరకు కారాగారము. ఆరేండ్లు దాటిన బిడ్డను తల్లి యొడినుండి వేరుచేసి ప్రత్యేకపు బడిలో నుంచు నధికారము. ఈ నిర్బంధమువలన లాభపడినవారును లేకపోలేదు: చీరాలలోని పొగాకు కంపెనీకి, పారిపోవుటకు వీలులేని కూలీలు దొరికిరి.

వీరు తొలుదొలుత దొంగలుగా బ్రతికినవారు కారు. ఎరుకలవారిలో పెక్కుమంది గాడిదలపైనను ఎద్దులపైనను తీరమునుండి ఉప్పును లోనాడులకు, లోనాడులనుండి ధాన్యమును తీరమునకు చేరవేయుచు జీవించిన సంచారవర్తకులు. దొరల ఉప్పు గుత్తాధికారమును, ఆ వెనుక రైళ్లును వచ్చి వారి వర్తకమును హరించినవి; వర్తకము పోయినను సంచారము మానని వారిని చూచి, పనిలేక తిరుగువాడు దొంగయే యని ప్రభుత్వము తీర్మానించెను. ఇచ్చటికి కొన్ని మైళ్ల దూరముననే, 1921లో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు మునిసిపాలిటీని నిరసించి, ఇండ్లు విడిచి, రామనగరమున పాకలలో పదునొకండు మాసములు గడపిరి. ఊరు విడుచుట యచ్చట దేశభక్తి. ఈ పొరుగూరిలో, అదే సంవత్సరమున, చీటీ లేక ఊరు విడుచుట శిక్షార్హమగు నేరము. మొదటిదానిని చదివి పులకించిన మాకు, రెండవదానిని గూర్చి బడిలో ఎవరును చెప్పలేదు.

ఒక వేపచెట్టు క్రింద నులకమంచముపై కూర్చున్న వృద్ధునితో మాటలు కలిసినవి. నా మిత్రుని నడకను చూచియే ఆయన ఉద్యోగమును పోల్చినాడు.

"తమరు పోలీసోరు గదండయ్యా?"

"ఒకప్పుడు. ఇప్పుడు పింఛను" అని మిత్రుడు నవ్వెను. తరువాత నావైపు తిరిగి, దాపరికము లేకుండ, "జిల్లాలో ఎక్కడ కన్నం పడినా మా జీపు ముందు ఇటే వచ్చేదండీ. పాత కేడీలందర్నీ పట్టుకెళ్లి కూర్చోబెడితే ఎవడో ఒకడు చెప్పేవాడు" అనెను.

"జీపు మోత వినబడితే మగోళ్లంతా చేలల్లోకి పరిగెత్తేవోళ్లం బాబూ" అనెను వృద్ధుడు. "పరిగెత్తాం గాబట్టి దొంగలమన్నారు. ఇంటికాడ ఉన్ననాడేమో, పరిగెత్తలేదంటే గుండెలు తీసినోడివే అన్నారు."

మిత్రుడు బదులు చెప్పలేదు. ఊరిలో దొంగలే లేకుండిరని వృద్ధుడును బుకాయింపలేదు. ఉండిరి, వారిలో పేరుమోసినవారును ఉండిరి. నా సందేహము వేరు: అంతటి చట్టము, అంతటి కాపలా, అంతటి శిక్షయు దశాబ్దులతరబడి సాగిన పిమ్మటను ఆ దొంగలు ఎట్లు మిగిలిరి? 1952 ఆగస్టు 31న దేశమంతట చట్టము రద్దయినను దాని నీడ తొలగలేదు. అలవాటు నేరస్థుల చట్టమను పేర ఆంధ్రప్రదేశమున 1962లో మరియొకటి వచ్చెను. కులమునుబట్టి ఖైదీలకు పనులు పంచు జైలు నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పుటకు 2024 అక్టోబరు రావలసివచ్చెను.

ఈ యూరిని మార్చుటకు వచ్చినవారిలో ఒక విచిత్రము గలదు. మొదట దేవుని పేర సైన్యము కట్టినవారు వచ్చిరి. ఆరు దశాబ్దుల పిమ్మట, దేవుడే లేడనెడు నాస్తికకేంద్రమునుండి గోరాగారి కుమారుడు లవణముగారును, ఆయన సహధర్మచారిణియు మహాకవి జాషువాగారి కూతురునగు హేమలతగారును వచ్చిరి. పోలీసు లేకుండ గడపగడపకును పోయి కూర్చుండి మాటలాడిన హేమలతగారిని గూర్చి చెప్పునప్పుడు వృద్ధుని కంఠము మెత్తబడినది. నేలయు, చదువును, ఉద్యోగమును ఇచ్చినచోట చేయి దానంతటది దొంగతనమును విడిచినదని నా నమ్మకము. మిత్రునకు అది సగమే నిజము.

"మీ మాట బాగానే ఉందండీ" అనెను ఆయన, లేవబోవుచు. "రేపు మీ ఇంట్లో దొంగ పడితే అప్పుడు చెప్పండి."

"మా ఇంటో పడ్డాడు గదయ్యా!" అనెను వృద్ధుడు. "కిందటేడు చేలో బోరు మోటారు ఎత్తుకుపోయారు. టేసనుకెళ్తే, మీ ఊరోళ్లే తీసుంటారు, మీలో మీరే ఎతుక్కోండన్నారు."

"కేసు కట్టలేదా?"

"కాగితమే తీసుకోలేదయ్యా."

మిత్రుడు మరల మంచముపై కూర్చుండెను. జేబులోని కలము తీసి, నా చేతి పుస్తకమునుండి ఒక పుట చింపుకొని, పైన తేదీ వేసెను.

"కొన్న రసీదుందా? సరే, లేకపోయినా ఫర్వాలేదు. ఏ కంపెనీ మోటారు, ఎన్ని హార్సుపవరు?"