బుధవారం రాత్రి బైబిలు

ఆదివారం ప్రసంగం మంచిదే. కానీ మధ్యలో లేచి "ఇదెట్టా కుదురుద్ది?" అని అడగలేం కదా. అడగడానికి ఒక మనిషి కావాలి. నాకు మా సంఘంలో పెద్దాయన ఉన్నాడు. 12 ఏళ్లుగా బుధవారం రాత్రి కలిసి బైబిలు చదువుతాం. ఇప్పుడాయనకి చూపు ఆనడం లేదు. నేను చదువుతా, ఆయన వింటాడు.

పోయినేడు మా వీధి కుర్రాడికి తామరపురుగుతో మిర్చి మొత్తం పోయింది. అప్పు మిగిలింది. చర్చి మానేశాడు. పెద్దాయన నీతులేమీ చెప్పలా. పక్కన కూచోబెట్టుకుని హబక్కూకు గ్రంథం తియ్యమన్నాడు. 3 అధ్యాయాలే, మీరూ చూడండి. ఆ ప్రవక్త దేవుణ్ణి నిలదీస్తూనే మొదలుపెడతాడు. చివర్లో చేలో పంట లేకపోయినా, కొట్టంలో పశువు లేకపోయినా ఆనందిస్తానంటాడు.

"పంట పోయినోడు ఎట్టా ఆనందిస్తాడు తాతా?" అన్నాడు కుర్రాడు. పెద్దాయన జవాబు చెప్పలేదు, మళ్లీ బుధవారం రమ్మన్నాడు.

అప్పు ఇంకా తీరలేదు. వాడు మాత్రం వస్తున్నాడు. మొన్న రెండో అధ్యాయం వాడే చదివాడు. అందులో ప్రవక్త జవాబు కోసం కావలి గోపురం మీద నిలబడి ఎదురుచూస్తాడు. "మన మంచె లాంటిదే" అన్నాడు వాడు. పెద్దాయన నవ్వాడు.