పిలిచి పీట వేసిన చుట్టం

దొంగల్లో రెండు రకాలున్నారు. గోడ దూకి వచ్చేవాడొకడు. వీధి గుమ్మంలో నిలబడి, మనం "రండి, కూర్చోండి" అన్నాక లోపలికొచ్చేవాడు రెండోవాడు. మొదటివాడి కోసం మనం తాళాలు కొంటాం, కిటికీలకి ఊచలు పెట్టిస్తాం, ఊరెళితే ఓ కన్నేసి ఉంచమని పక్కింటావిడకి చెప్పి వెళతాం. రెండోవాడికి మనమే పీట వేస్తాం. మంచినీళ్లిస్తాం. వాడు వంటింటి దాకా వచ్చి పోపులడబ్బా మూత తీసి చూస్తున్నా "ఎవరో మనవాళ్లే" అనుకుంటాం. ఇంట్లో కంప్యూటరున్న ప్రతి ఇల్లాలికీ ఈ రెండోరకం చుట్టంతో ఎప్పుడో ఒకప్పుడు పరిచయం తప్పదు. ఆయనగారి పేరు స్పైవేరు.

పేరు కొత్తదేగాని పని పాతదే. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. గూఢచారుల్ని ఏయే వేషాల్లో పంపాలో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వరసగా చెప్పాడు: సన్యాసి వేషం, వర్తకుడి వేషం, సంసారి వేషం. అంటే ఎవర్ని చూస్తే జనం అనుమానించకుండా తలుపు తీస్తారో ఆ వేషాలన్నమాట! స్పైవేరూ అంతే. ఉచితంగా ఇచ్చే ఆటలా వస్తుంది, సినిమాలు దింపుకునే సాధనంలా వస్తుంది, మీ కంప్యూటరు ఊడ్చి తుడిచి పెడతానంటూ పనిమనిషిలా కూడా వస్తుంది. వచ్చి ఓ మూల కూర్చుని మనం ఏం చూశాం, ఏం వెతికాం అన్నది రాసుకుంటుంది. దానిలో ఘోరమైన రకం, మనం ఏ అక్షరం మీద వేలు పెట్టామో అది కూడా రాసుకుని తనను పంపినవాడికి చేరవేస్తుంది. మా వారు దీనికి "వేగుల సరుకు" అని తెలుగు పేరు పెట్టారు. ఆయన పెట్టిన పేర్లలో బాగా కుదిరిందిదొక్కటే.

మా ఇంటికి ఈ చుట్టం మూడేళ్ల క్రితం వేసవి సెలవుల్లో వచ్చింది, మా ఆడపడుచు కొడుకు చెయ్యి పట్టుకుని. వాడికప్పుడు పదకొండేళ్లు. "అత్తా! ఈ ఆట ఫ్రీ అత్తా!" అని ఒకటే సంబరం. ఫ్రీ అన్న మాటకి మన ఇళ్లల్లో ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. సబ్బుల పొడితో బకెట్టు ఫ్రీ అంటే అవసరం లేని పొడి ఆరు నెలలకి సరిపడా కొనే దేశం మనది. అలాంటప్పుడు పిల్లవాణ్ణి ఏమనగలం? వాడు "నెక్స్ట్" అన్నచోటల్లా టకటకా నొక్కుకుంటూ పోయాడు. ఆ నెక్స్ట్‌ల మధ్య సన్నటి అక్షరాలతో "ఇదిగో, దీనితోపాటు ఇవి కూడా పెట్టేస్తున్నాం" అని ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులు నాలుగున్నాయట. ఆట ఒక్కటే అడిగాడు వాడు. పెళ్లికి ఒక్కరిని పిలిస్తే బస్సు వేసుకుని ఊరంతా దిగినట్టయింది.

రెండు రోజుల్లో లక్షణాలు బయటపడ్డాయి. బ్రౌజరు తెరిస్తే నేను రోజూ చూసే పేజీ బదులు ఇంకేదో పేజీ. గోంగూర నిలవపచ్చడి కొలతలు వెతికితే జూదం ప్రకటనలు. ఒక అధ్యాయం టైపు చేసి భద్రపరచాలంటే కాఫీ పెట్టుకుని తాగి రావచ్చు, అంత నెమ్మది! పిల్లవాడికి చీవాట్లు పెట్టడం అనవసరం. 2000 సంవత్సరంలో స్టీవ్ గిబ్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు కంప్యూటరులోనే ఆయనకి తెలియకుండా ఇలాంటి సరుకు చేరింది. ఆయన దాన్ని కనిపెట్టి, తీసిపారేసేందుకు "ఆప్ట్‌ఔట్" అనే సాధనం రాశాడు. నిపుణుడికే తప్పనిది అయిదో క్లాసు పిల్లవాడికి తప్పుతుందా?

హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోనులో చెబుతుంటే నేను చేశాను. మగవాళ్లు ఇదేదో మహావిద్య అన్నట్టు మాట్లాడతారుగాని, పండగముందు సామాన్ల గది సర్దినంత పని. అంతకంటే ఎక్కువేం లేదు.

మొదట ఇంటర్నెట్టు తీసేయాలి. వేగులవాడు కబురు మోసే దారి మూసేస్తే సగం పీడ వదులుతుంది. తరువాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కంప్యూటరులో ఏమేం ఉన్నాయో ఆ జాబితాను చేర్చిన తేదీల వరసలో చూడాలి. బాగున్న ఇంట్లోకి ఫలానా రోజు నుంచి గొడవ మొదలైతే ఆ రోజు ఎవరొచ్చారో చూస్తాం కదా, అలాగ. ఎవరూ ఎరగని పేర్లు నాలుగు కనపడ్డాయి, తీసేశాను. ఆ తరువాత బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్లు. అక్కడ "కూపన్లు" ఇప్పిస్తానంటూ మరొకటి చేరింది. దాన్నీ పంపించాను.

పైకి కనపడేవి పోయినా లోపల నక్కేవి ఉంటాయి. వాటికోసం విండోస్‌తోపాటే వచ్చే డిఫెండరు ఉంది, విడిగా కొననక్కర్లేదు. కాసేపు ఇంటర్నెట్టు పెట్టి దాన్ని తాజా చేసుకుని, మొత్తం కంప్యూటరును గాలించమనాలి. ఇది గంటలు పట్టవచ్చు. దానిలోనే ఆఫ్‌లైన్ స్కాన్ అని ఇంకోటుంది. కంప్యూటరును ఆపి మళ్లీ వెలిగించి, విండోస్ పూర్తిగా నిద్రలేవకముందే వెతుకుతుంది. ఓ పావుగంట పని. నాకిది బాగా నచ్చింది. దొంగ లేచి దుప్పటి సర్దుకునేలోపలే పట్టుకోవడమన్నమాట! మన ప్రభుత్వం కూడా 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఒకటి పెట్టి ఇలాంటి శుభ్రపరిచే సాధనాలు ఉచితంగా ఇస్తోంది. ఇన్ని చేసినా రోగం తిరగబెడితే, ఫొటోలూ కాగితాలూ వేరే చోట దాచుకుని విండోస్‌ను మొదటినుంచీ మళ్లీ వేయించుకోవడమే మందు.

ఆఖరున అసలు పని. పాస్‌వర్డులన్నీ మార్చాలి. అదీ శుభ్రమైన మరో కంప్యూటరు మీదో, ఫోనులోనో కూర్చుని మార్చాలి. దొంగ ఇంట్లోనే ఉండగా వాడి ఎదుటే కొత్త తాళంచెవి తిప్పితే ఏం లాభం?

ఒక్క జాగ్రత్త. తెర మీద ఎర్రటి అక్షరాలతో "మీ కంప్యూటరులో 300 వైరస్‌లున్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి" అనో, "ఈ నంబరుకి ఫోన్ చేయండి" అనో వస్తే నమ్మకండి. దొంగే "దొంగ, దొంగ" అని అరుస్తున్నాడని గ్రహించండి. మన కంప్యూటరులో తను చెయ్యిపెట్టి బాగు చేస్తానని ఎవరైనా ఫోనులో అంటే, ఎంత మర్యాదగా మాట్లాడినా సరే, పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి చెప్పండి.

వచ్చాక తరమడంకంటే రాకుండా చూసుకోవడం తేలిక. కంప్యూటరులో యజమాని ఖాతా ఉంటుంది, మామూలు ఖాతా ఉంటుంది. బీరువా తాళాలు పిల్లల చేతికివ్వం కదా! పిల్లలకి మామూలు ఖాతా తీసివ్వండి. చాలా సరుకు ఎక్కించాలంటే మిమ్మల్ని అడగాల్సిందే. డబ్బుపెట్టి కొనాల్సిన దాన్ని ఎవరో దొంగచాటుగా ఊరికే ఇస్తున్నారంటే దాని వెల ఇంకో రూపంలో మన దగ్గర వసూలు చేస్తారని గుర్తుంచుకోండి. అప్‌డేట్లు వస్తే "తరువాత, తరువాత" అనకుండా వేసుకోండి. పాత విండోస్ 10కి ఉచితంగా అందే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో మామూలుగా ఆగిపోయాయి. దాన్నే వాడుతున్నవాళ్లు ఆ సంగతి చూసుకోవాలి.

ఇక కంప్యూటరు నెత్తిన ఉండే ఆ కెమెరా కన్ను. 2013లో అమెరికాలో మిస్ టీన్ యూఎస్ఏ కిరీటం గెలిచిన అమ్మాయిని, ఆమె గదిలోని కంప్యూటరు కెమెరా ద్వారానే ఒకడు ఫొటోలు తీసి బెదిరించాడు. వాడికి జైలు శిక్ష పడింది. 2016లో ఎఫ్‌బీఐకి పెద్దగా ఉన్న జేమ్స్ కోమీయే తన కంప్యూటరు కెమెరాకి టేపు ముక్క అతికించుకుంటానని చెప్పాడు. మనకి టేపు కూడా అక్కర్లేదు. అద్దం మీద అతికించి మరిచిపోయిన స్టిక్కర్ బొట్టు ఒకటి చాలు. నా కంప్యూటరుకి మెరూన్ రంగు బొట్టు పెట్టాను. లక్షణంగా ఉంది.

ఇంతవరకూ నవ్వుకుంటూ చెప్పాను. నవ్వలేనిది ఒకటుంది.

మా పై వాటాలో రెండేళ్లు ఒక అమ్మాయి అద్దెకుండేది. నన్ను "పిన్నిగారూ" అని పిలిచేది. మధ్యాహ్నం పనయ్యాక ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తల్లికి ఉత్తరం రాసుకోవడం ఆ పిల్లకి అలవాటు. ఫోనులో అన్నీ చెప్పుకోలేం కదా! కొన్నాళ్లకి భోజనాల దగ్గర భర్త వింత వింత మాటలు అనడం మొదలుపెట్టాడు. "నా జీతం సంగతి మీ అమ్మకెందుకు?" అని ఒకనాడు. "మా అమ్మ నిన్నేమందో ఊరంతా చెప్పుకుంటున్నావా?" అని మరోనాడు. అవన్నీ తల్లికి తప్ప ఎవరికీ చెప్పని మాటలు. అంటే తల్లే అల్లుడి చెవిన వేస్తోందన్నమాట! ఆ పిల్ల ఉత్తరాలు మానేసింది. ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడేది. మూడు నెలలు. అవతల ఆ తల్లి ఏం తప్పు చేశానో తెలియక కుమిలిపోయింది.

ఓ రోజు ఏడుస్తూ నాతో చెప్పుకుంది. నవలలు రాసే బుర్ర కదా, నాకొక ఆలోచన తట్టింది. "వచ్చే నెల పది రోజులుండడానికి వస్తానమ్మా అని ఉత్తరం టైపు చెయ్యి. పంపించకు. మొత్తం చెరిపేసెయ్యి" అన్నాను. అలాగే చేసింది. ఆ రాత్రే అతను అన్నాడట, "పది రోజులు నువ్వెళితే ఇక్కడ వంటెవరు చేస్తారు?" అని.

తల్లి ఆ ఉత్తరం చూడనే లేదు. చూసింది కంప్యూటరు. కొట్టిన ప్రతి అక్షరాన్నీ రాసుకునే వేగులవాణ్ణి కట్టుకున్నవాడే అందులో కూర్చోబెట్టాడు. ఇలాంటి సరుకు పిల్లల్ని కనిపెట్టి ఉండడానికంటూ బజారులో బహిరంగంగానే అమ్ముతారు. అందువల్ల గాలించే సాధనాలు కొన్నిసార్లు దీన్ని దొంగగా లెక్కపెట్టవు కూడా.

ఇలాంటి చోట నేను పైన చెప్పిన వైద్యం వెంటనే చేయకూడదు. తీసేసిన సంగతి అవతలివాడికి తెలిసిపోవచ్చు, కోపం ఆడదాని మీదికి రావచ్చు. ముందు వేరే ఇంట్లో, వేరే కంప్యూటరు మీద పాస్‌వర్డులు మార్చుకోవాలి. కనపడిన సాక్ష్యాలు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. నమ్మకమైన మనిషికి చెప్పాలి. భయంగా ఉంటే 181కి, అది మహిళల హెల్ప్‌లైను, ఫోను చేయాలి. ఆ పిల్ల మా ఇంట్లో కూర్చుని అవన్నీ చేసింది. తరువాత అన్నగారు వచ్చి నలుగురిలో అడిగితే అతను "నా కంప్యూటరు, నా ఇష్టం" అన్నాడట. ఇప్పుడు కలిసే ఉన్నారు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి తన జీతంతో తనకంటూ ఒక కంప్యూటరు కొనుక్కుంది. కాని నాతో అన్న మాట ఒక్కటే. "ఆయన చదివినందుకు కాదు పిన్నిగారూ, మూడు నెలలు మా అమ్మని అనుమానించాను."

ఉత్తరకాండలో వేగులు మోసుకొచ్చిన ఒక్క కబురుతోనే సీతమ్మ అడవి పాలైంది. వేగులవాడు వస్తువులు ఎత్తుకుపోడు. ఇంట్లోవాళ్ల మధ్య నమ్మకం ఎత్తుకుపోతాడు. అదేమో పోయాక గాని పోయినట్టు తెలియదు.

మనిషికి గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. అంత పెద్ద మాట తెలియకపోయినా మా అమ్మమ్మ పోపులడబ్బా అడుగున నాలుగు రూపాయలూ, తన తమ్ముడు రాసిన ఓ పాత ఉత్తరమూ దాచుకునేది. తాతగారికి ఆ సంగతి తెలుసు. ఆవాలు కావలసినా ఆవిణ్ణే అడిగేవారుగాని, ఒక్కనాడూ ఆ డబ్బా ముట్టుకోలేదు.