ఉప్పుగాలిలో పొయ్యి

ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్‌కి వెళ్లినవాళ్లకి ఆ వాసన కొత్త కాదు. పెనం మీద వంజరం ముక్క చిటపటలాడుతుంటే ఆ ఘాటు దూరం నుంచే పిలుస్తుంది. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు వచ్చిందే అందుకన్నట్టు జనం కొట్టు చుట్టూ మూగుతారు. తినేసి, చేతులు కడుక్కుని ఇంటిదారి పడతారు. అక్క అసలు పని అప్పుడు మొదలవుతుంది.

పేరుతో పనిలేదు, బీచ్‌లో అందరికీ ఆమె అక్కే. భర్త వేటకి పోతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ చెరువు రొయ్యలు వేయించి అమ్మితేనే ఇల్లు గడుస్తుంది. అంటే సంసారమంతా ఆ రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి మీదే!

ఊళ్లో వంటింటి పొయ్యి ఏళ్లకేళ్లు వస్తుంది. కడలి ఒడ్డున ఆ భాగ్యం లేదు. పగలు మంట చెయ్యని పాడు రాత్రి గాలి చేస్తుంది. ఉప్పుతడి ఇనుము మీద పేరుకుంటే తుప్పు తొందరగా పడుతుంది. నూనె జిడ్డుకి ఇసుక అంటుకుని బర్నర్ కన్నాలు పూడిపోతాయి.

అందుకే పెనం వేడి మీదుండగానే మాడిన మసాలాని అట్లకాడతో గీకేస్తుంది. గుడ్డతో తుడిచి, పల్చగా వేరుశనగ నూనె రాస్తుంది. పొయ్యి చల్లారాక బర్నర్ మూతలు వేన్నీళ్లలో పడేస్తుంది. ఇత్తడివి కదా, చింతపండు పెట్టి తోమితే మెరుస్తాయి. ఒక్కో కన్నాన్నీ సూదితో పొడిచి, తడి పూర్తిగా ఆరాకే బిగిస్తుంది. గ్యాస్ వచ్చే జెట్ జోలికి మాత్రం సూదితో పోదు. ఆ సన్నటి కన్నం కాస్త పెద్దదైనా గ్యాస్ ఎక్కువై మంట పసుపుపచ్చగా మారుతుంది, పెనం అడుగు మసిబారుతుంది. గాలీ గ్యాసూ కలిసే గొట్టంలో సాలీడు గూడు కట్టినా అంతే. ఆరుబయట పొయ్యికి ఈ బెడద మరీ ఎక్కువ.

ఇంత జాగ్రత్త మొదట్నుంచీ లేదు. ఓ కనుమ రోజు జనం విరగబడ్డారు. రాత్రి ఒళ్లు హూనమై, పొయ్యి అలాగే వదిలేసి పడుకుంది. ముక్కనుమ పొద్దున నాబ్ తిప్పి అగ్గిపెట్టె తీసింది. ముక్కుపుటాలకి ఏదో వాసన. పక్క కొట్టు పెద్దమ్మ కేకేసింది.

''మే, అగ్గిపుల్ల గీయబాక! ముందు సిలిండరు కట్టెయ్!''

కట్టేసి చూస్తే, పొయ్యికి తగిలించిన చోట రబ్బరు ట్యూబు నెర్రెలిచ్చి ఉంది. ఎన్నాళ్లుగా ఉందో... పైన పేరుకున్న జిడ్డు కనపడనిస్తేగా! వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. మంట ఆరిపోకుండా మూడు వైపులా కట్టిన పట్టా దాన్ని బల్ల కిందే నిలబెట్టింది. గాలికి అడ్డం కట్టిందే ప్రాణం మీదికి తెచ్చేది. కొత్త ట్యూబు నెల్లూరు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఏడాదిలో మంచి బేరం ఆ పూట పక్క కొట్లకి పోయింది.

ఇళ్లలో వాడే సురక్షా ట్యూబుని అయిదేళ్లకోసారి మార్చమంటాయి గ్యాస్ కంపెనీలు. ఆమె అంతదాకా ఆగదు, ఈ ఎండకి నమ్మలేనంటుంది. సిలిండర్ మార్చినప్పుడల్లా బిగింపుల దగ్గర సబ్బు నురగ రాసి చూస్తుంది. బుడగ లేచిందా, ఆ పూట పొయ్యి వెలగదు. అగ్గిపుల్లతో పరీక్షించే మొనగాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి దణ్ణం! పంతొమ్మిది కిలోల సిలిండర్ తడి ఇసుకలో కాకుండా చెక్క మీద నిలువుగా ఉంటుంది. పట్టా కింద జానెడు ఖాళీ వదిలింది.

కార్తీకమాసంలో చాలామంది నీచు ముట్టరు. పైగా నెల్లూరుకి వానలు అప్పుడే. ఆ ఖాళీలో పొయ్యి మొత్తం విప్పి, స్టాండు గీకి రంగేస్తుంది.

''రోజూ ఎందుకే ఇంత చాకిరీ?'' అంటాడు మొగుడు.

''తోమేటప్పుడే గదా కంటికి కనపడేది'' అంటుంది, చెయ్యి ఆపకుండా.

మొన్నో రాత్రి కారు దిగిన కుర్రాళ్లు ఒక్క ప్లేటంటే ఒక్క ప్లేటు వేయించమని బతిమాలారు. చేపా ఉంది, డబ్బూ అవసరమే. ఆమె తట్టలో నానుతున్న మూతలు చూపించింది.

''పొయ్యి విప్పేశా అబ్బయ్యా, రేప్పొద్దున రాండి.''