అక్క ఇంటికొచ్చిన నూలు పున్నం

మా అక్క కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో డాక్టరు చదువు చదువుతోంది. 2023లో వెళ్ళినప్పుడు తనకు పదిహేడేళ్ళు. ఇప్పుడు పంతొమ్మిది. పదో తరగతి వరకు అక్క కూడా మన బడిలోనే, తెలుగులోనే చదువుకుంది. నీట్‌లో అర్హత మార్కులు వచ్చాయి గాని ప్రభుత్వ కాలేజీలో సీటు రాలేదు. ప్రైవేటు కాలేజీ ఫీజు ఎంతో విన్నాక బాపు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అందుకే అంత దూరం పంపించారు.

అక్కడ చదువు సెప్టెంబరులో మొదలవుతుంది. ఎండాకాలం పరీక్షలయ్యాక పెద్ద సెలవులు. మొదటి ఏడు అక్క రాలేదు. “సెలవులు తక్కువ ఉన్నయి, వచ్చే ఏడు వస్త” అన్నది. మేము నమ్మాం. 2025లో మాత్రం “నూలు పున్నానికి ఇంట్లనే ఉంట” అని ముందే చెప్పింది. ఆ రోజు నుంచి మా నానమ్మ క్యాలెండరు మీద గీతలు పెట్టడం మొదలుపెట్టింది.

పరదేశంలో చదివేవాళ్ళు ఇంటికి రావడమంటే బస్సెక్కి వచ్చినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది. పరీక్ష తేదీలు ఖాయం కానిదే విమానం టికెట్ తీసుకోలేరు. ఆలస్యం చేస్తే ధర పెరుగుతుంది. రోజూ రాత్రి బాపు, నేను ఫోన్‌లో ధర చూసేవాళ్ళం. ఒకరోజు తగ్గినట్టే తగ్గి, తెల్లారేసరికి రెండు వేలు పెరిగేది. బాపు ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చి పడుకునేవాడు. ఢిల్లీ నుంచి షోలాపూర్‌కు రైలు టికెట్లు అరవై రోజుల ముందే ఇస్తారు. మేము చూసేసరికి వెయిటింగ్ లిస్టు వచ్చేసింది. చివరికి ఒకరోజు ముందు తత్కాల్‌లో దొరికింది. బిష్కెక్ నుంచి ఢిల్లీకి విమానంలో సుమారు మూడున్నర గంటలే. ఢిల్లీ నుంచి మా ఊరికి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి, మర్నాడు పగలంతా. దేశం దాటడం కన్నా ఇల్లు చేరడమే ఎక్కువసేపు పట్టింది అని అక్క నవ్వింది.

ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు. నాకు మాత్రం లోపల భయం. ఎందుకో చెప్తాను.

మాకు ఇంటి ముందుగదిలో రెండు సాంచలు ఉండేవి. వాటి మీద బాపు టెర్రీ తువాళ్ళు నేసేవాడు. అమ్మ బీడీలు చుడుతుంది. పూర్వభాగంలో మన తెలుగువాళ్ళ ఇళ్ళు చాలావరకు ఇట్లాగే నడుస్తాయి. 2025 ఫిబ్రవరిలో అక్క ఫీజు కట్టడానికి బాపు ఆ రెండు సాంచలూ అమ్మేశాడు. ఇప్పుడు వేరేవాళ్ళ కార్ఖానాలో కూలికి నేస్తున్నాడు. “దానికి చెప్పకు. పరీక్షలు రాయనియ్యి” అని నాకు గట్టిగా చెప్పాడు.

అక్కడ గడియారం మనకంటే అరగంట ముందు. అక్క వాళ్ళ టైము తొమ్మిదికి, అంటే మన ఎనిమిదిన్నరకు ఫోన్ చేసేది. ఇదివరకు సాంచల చప్పుడుకు “ఏం వినొస్తలేదురా, అవతలికి పో” అని అరిచేది. సాంచలు పోయాక ఒకరోజు, “ఏందిరా, సప్పుడు లేదు?” అని అడిగింది. “కరెంటు పోయిందక్కా” అన్నాను. ఇంకోసారి అడిగితే, “నూలు రాలేదు” అన్నాను. మూడోసారి ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఆ తర్వాత అడగడం మానేసింది. నా మాట నమ్మింది అనుకున్నాను.

జూలైలో ఒక రాత్రి బాగా పొద్దుపోయాక బండి దిగింది. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. నానమ్మ ప్లాట్‌ఫారం మీదే చెంపలు నిమిరి, “ఆడ తిండి పెడ్తలేరా బిడ్డా” అని ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ముందుగదికి అమ్మ పరదా కట్టి ఉంచింది. అక్క అలసిపోయి అట్లాగే పడుకుంది.

పొద్దున ఆరింటికి నేను లేచేసరికి అక్క మంచం మీద లేదు. పరదా తీసి ముందుగదిలో నిలబడి ఉంది. బండ మీద సాంచలు బిగించిన రంధ్రాలు, నూనె మరకలు అట్లాగే ఉన్నాయి. నన్ను చూసి, “ఎప్పుడు?” అని ఒక్క మాట అడిగింది.

“ఫిబ్రవరిల.”

“కరెంటు పోయిందన్నవ్ గదరా.”

నాకు నోట మాట రాలేదు. అక్క తిట్టి ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా పోయి అమ్మ పక్కన కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. బాపు పనికి పోయే ముందు వచ్చి, “సాంచలు ఇనుము బిడ్డా. మళ్ళ కొనొచ్చు. చదువు మళ్ళ రాదు” అన్నాడు.

అప్పుడు అక్క తల ఎత్తింది. “చెప్తే నేను చదువు ఆపేదాన్నా బాపూ? ఇంకా గట్టిగ చదివేదాన్ని. నాకు చెప్పకుంట చేస్తే నేను ఈ ఇంటికి చుట్టాన్నైత గద” అన్నది. కాసేపటికి తనే మెల్లగా, “మొదటి ఏడు నాకు సెలవులు లేక కాదు. టికెట్ పైసలకు మిమ్మల్ని అడగలేక రాలే” అని చెప్పింది. ఆ రెండు నెలలు హాస్టల్ దాదాపు ఖాళీ అయిందట. అందరూ సామాన్లు సర్దుకుంటుంటే చూడలేక బయటికి వెళ్ళి తిరిగి వచ్చేదట. అమ్మ చేతిలో బీడీ చేతిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం అక్క ఒక నోటుబుక్కు తీసి మొదటి పేజీలో తెలుగులో ‘మన ఇంటి లెక్క’ అని రాసింది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇంకా కట్టాల్సిన ఫీజు ఎంత, వచ్చే ఆదాయం ఎంత, అన్నీ అందరం కూర్చుని రాశాం. చదువు అయిపోయి వచ్చాక కూడా ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష పాస్ కావాలని, దానికి కూడా సమయం, డబ్బు కావాలని అక్క విడమరిచి చెప్పింది. లెక్క పెద్దదే. కాని రాసి చూసుకున్నాక బాపు ఆ రాత్రి తొందరగా నిద్రపోయాడు.

తర్వాతి రోజులు బాగా గడిచాయి. అక్క కురుత్ తెచ్చింది. ఎండబెట్టిన పెరుగు ఉండలు. మిఠాయి అనుకుని నోట్లో వేసుకున్న నానమ్మ ఉప్పదనానికి ముఖం చిట్లించి, “ఇది మజ్జిగను శిక్షించినట్టున్నది” అన్నది. జొన్నరొట్టె, పల్లి కారం మాత్రం అక్క పూటకు మూడు రొట్టెల లెక్కన తిన్నది. అక్కడ కరీంనగర్, వరంగల్ పిల్లలు అక్క మాటలో మరాఠీ విని, “మీది ఏ జిల్లా తెలుగు?” అని ఆటపట్టిస్తారట. “షోలాపూర్ జిల్లా” అని చెప్తుందట. వాళ్ళ ముందు సిగ్గుపడలేదా అని అడిగితే, “మనం తాతల కాలం నుంచి కాపాడుకున్న తెలుగురా ఇది. సిగ్గెందుకు?” అన్నది.

ఆగస్టు 9న నూలు పున్నం. బాపు కొత్త జంధ్యం వేసుకున్నాడు. అక్క నాకు రాఖీ కట్టింది. మార్కండేయ స్వామి రథం చూడడానికి అందరం వెళ్ళాం. జనంలో అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇంక అబద్ధం చెప్తవా?” అని అడిగింది. “చెప్ప” అన్నాను. ఆ రోజు నేను ఇచ్చిన కట్నం అదే.

ఆగస్టు చివర అక్క వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు స్టేషన్‌లో ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఏడ్చింది బాపు.

దూరంలో చదివే పిల్లలకు బాధ కలగకూడదని పెద్దలు కొన్ని దాస్తారు. పెద్దలకు బరువు కాకూడదని పిల్లలు కొన్ని దాస్తారు. ఇద్దరిదీ ప్రేమే. కాని అట్లా దాస్తూ పోతే, ఇంటికి వచ్చిన మనిషి కూడా దూరంగానే ఉండిపోతుంది. నాకు ఈ సెలవుల్లో అర్థమైంది ఇదే.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్‌లో ‘ఇంటి లెక్క’ చదివి వినిపించే పని నాదే. మొదటి సత్రం పరీక్షలో బీజగణితంలో నాకు 40కి 17 వచ్చాయి. అది కూడా చెప్పాను. అక్క ఇరవై నిమిషాలు తిట్టింది. సాంచల చప్పుడు లేదు కాబట్టి ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.